పునర్నిర్మాణ దశలోని జట్టు, శిక్షకుని ఎంపిక: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వరుస పరాజయాల తరువాత ఒక క్రీడాజట్టును మళ్ళీ మొదటినుంచి కట్టుకోవలసి వచ్చినప్పుడు, సమర్థుడైన శిక్షకుడు ఆ బాధ్యతను ఎందుకు స్వీకరిస్తాడు, ఎందుకు నిరాకరిస్తాడు అన్నది క్రీడాచరిత్రలో ప్రధానమైన ప్రశ్న. బాస్కెట్‌బాల్‌లో ఈ విషయంపై విస్తృతమైన చర్చ ఉంది. తెలుగునేలపై దీనికి దగ్గరి ఉదాహరణలు హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో లభిస్తాయి. సయ్యద్ అబ్దుల్ రహీం కాలాన్ని (1943–1963), హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ కాలాన్ని (2019–2025) పక్కపక్కన నిలిపి, శిక్షకుని ఆకర్షించే అంశాలు జట్టు గెలుపోటముల పట్టికలో కాక, అధికారం, వ్యవధి, యువ ఆటగాళ్ళు, యాజమాన్య విశ్వసనీయత అనే నాలుగింటిలో ఉంటాయని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: శిక్షకుడు, పునర్నిర్మాణం, హైదరాబాదు ఫుట్‌బాల్, సయ్యద్ అబ్దుల్ రహీం, బాస్కెట్‌బాల్, నిజామాబాదు, బాన్సువాడ.

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రచనలో ఆటగాళ్ళకు దక్కిన స్థానం శిక్షకులకు దక్కలేదు. విజయం సాధించిన జట్టు వెనుక ఉన్న శిక్షకుని గురించి కొంత రాసినా, అతడు ఆ జట్టులో చేరిన రోజున దాని పరిస్థితి ఏమిటి, అతడు దేనిని చూసి ఒప్పుకున్నాడు అన్న విషయాలు చాలావరకు మరుగున పడిపోయాయి. ఫలితం తెలిసిన తరువాత వెనుదిరిగి చూస్తే ప్రతి నిర్ణయమూ సహజంగానే కనిపిస్తుంది. ఆ నిర్ణయం తీసుకున్న నాటికి మాత్రం అది సాహసమే.

గెలుస్తున్న జట్టు బాధ్యత తీసుకున్న శిక్షకునికి పేరు వెంటనే వస్తుంది, నింద కూడా అంతే త్వరగా వస్తుంది. అట్టడుగున ఉన్న జట్టు విషయం వేరు. అక్కడ కోల్పోయేది తక్కువ, కట్టవలసినది ఎక్కువ. అయినా అట్టడుగున ఉన్న జట్లన్నీ ఒకటి కావు. పునాది ఉండి గోడ కూలిన ఇల్లు ఒకటి, పునాదే లేని ఇల్లు మరొకటి. అనుభవజ్ఞుడైన శిక్షకుడు ముందుగా గమనించేది ఈ తేడానే.

2. బాస్కెట్‌బాల్ నమూనా

'పునర్నిర్మాణం' అనే భావనకు స్పష్టమైన రూపం ఇచ్చినది అమెరికాలోని నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్. అక్కడ ప్రతి సంవత్సరం కొత్త ఆటగాళ్ళను జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. ఓడిన జట్లకు ఈ ఎంపికలో ముందు వరుస దక్కుతుంది. 1985 నుంచి ఇందుకు లాటరీ పద్ధతిని అనుసరిస్తున్నారు. 2019లో అమలులోకి వచ్చిన నిబంధనలు అట్టడుగున ఉన్న మూడు జట్లకూ మొదటి ఎంపిక దక్కే అవకాశాన్ని ఒక్కొక్కదానికి 14 శాతం చొప్పున కల్పించాయి. అంటే అక్కడ ఓటమికి ఒక ప్రతిఫలం ఉంది. ఓడిన జట్టు చేతిలో భవిష్యత్తుకు పనికివచ్చే ఆస్తి ఉంటుంది. శిక్షకుడు చూసేది నిన్నటి ఫలితాలను కాదు, ఆ ఆస్తిని.

అయితే ఆ ఆస్తి ఒక్కటే చాలదనడానికి డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు నిదర్శనం. 2022–23లో 17 విజయాలు, 65 పరాజయాలతో ముగించిన ఆ జట్టు, పేరుపొందిన శిక్షకుడు మాంటీ విలియమ్స్‌ను భారీ వేతనంతో, ఆరేళ్ళ ఒప్పందంపై నియమించింది. మరుసటి ఏడాది ఆ జట్టు వరుసగా 28 ఆటలు ఓడి, 14 విజయాలు, 68 పరాజయాలతో ఇంకా కిందికి జారింది. 2024లో విలియమ్స్‌ను తొలగించారు. ఆయన స్థానంలో వచ్చిన జె.బి. బికర్‌స్టాఫ్ నాయకత్వంలో దాదాపు అదే యువ ఆటగాళ్ళ సముదాయం, దానికి తోడైన కొందరు అనుభవజ్ఞులు కలిసి 2024–25లో 44 విజయాలు సాధించారు. ధనం శిక్షకుని రప్పించగలదు గాని, జట్టుకూ శిక్షకునికీ పొంతన కుదర్చలేదని ఈ రెండేళ్ళ అనుభవం తెలుపుతున్నది.

భారత బాస్కెట్‌బాల్ జట్టు విషయం ఇందుకు భిన్నమైనది. అమెరికా వృత్తిక్రీడలో అనుభవం గడించిన కెన్నీ నాట్ 2011లోను, ఆ తరువాత 2012లో స్కాట్ ఫ్లెమింగ్‌ను భారత జట్టు శిక్షకులుగా వచ్చారు. ఆసియాలో వెనుకబడి ఉన్న జట్టు అది. 2014 జూలైలో చైనాలోని వుహాన్ నగరంలో జరిగిన ఆసియా కప్ పోటీలో ఫ్లెమింగ్ శిక్షణలోని ఆ జట్టు ఆతిథ్య చైనాను 65–58 తేడాతో ఓడించింది. పెద్ద వ్యవస్థలో సహాయకునిగా ఉండే వ్యక్తికి చిన్న వ్యవస్థలో ప్రధాన శిక్షకుని హోదా దక్కడం ఒక ఆకర్షణ. బలహీనమైన జట్టుతో సాధించిన ఒక్క విజయం కూడా చిరకాలం గుర్తుండిపోవడం మరో ఆకర్షణ.

3. రహీం కాలం: అధికారము, వ్యవధి

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో శిక్షకుడు అన్న పదానికి పర్యాయపదంగా నిలిచిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 'రహీం సాబ్' అన్న పిలుపులో ఆటగాళ్ళకు ఆయన పట్ల ఉన్న గురుభావం వ్యక్తమవుతుంది. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించి, మరణించేవరకు ఆ పదవిలో కొనసాగారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు.

ఈ రెండు బాధ్యతలు ఒకే వ్యక్తిలో కలియడం గమనార్హం. కార్యదర్శిగా స్థానిక పోటీల నిర్వహణ ఆయన చేతిలో ఉంది. శిక్షకునిగా ఆ పోటీలలో ఎదిగిన ఆటగాళ్ళను తీర్చిదిద్దే అవకాశం ఉంది. బలమైన కాలితో బంతిని తన్నకూడదన్న నియమంతో పోటీలు పెట్టి, ఆటగాళ్ళకు రెండు కాళ్ళూ సమానంగా అలవడేలా చేశారు. ఇటువంటి ప్రయోగం చేయడానికి కేవలం శిక్షకుని హోదా చాలదు, పోటీ నియమాలను మార్చగల అధికారం కావాలి.

కాలసందర్భాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైంది. పాలనాయంత్రాంగమంతా మార్పులకు లోనవుతున్న రోజులవి. ఆ పరిస్థితిలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్‌ను గెలుచుకోవడం దేశమంతటినీ ఆకర్షించింది. పోలీసుశాఖ ఆటగాళ్ళకు ఉద్యోగం ఇచ్చింది. నెలనెలా జీతం, నిలకడగా సాధన, ఏళ్ళ తరబడి ఒకే శిక్షకుడు అన్న మూడు వసతులు ఆ జట్టుకు సమకూరాయి.

భారత జట్టు శిక్షకునిగా రహీం ప్రస్థానం మాత్రం ఒడిదుడుకులతో కూడుకున్నది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి భారత్ స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయింది. ఆటగాళ్ళలో అధికులు బూట్లు లేకుండా ఆడిన పోటీ అది. ఆ ఘోర పరాజయం తరువాతనే బూట్ల వాడకం తప్పనిసరి అయింది. నాలుగేళ్ళు గడిచేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దశకు చేరిన తొలి ఆసియా దేశం భారత్. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, సలాం వంటివారు హైదరాబాదు మైదానాలలో ఎదిగినవారే.

బలరాం ఉదంతం ఇక్కడ ప్రస్తావించదగినది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద కుటుంబపు యువకుడాయన. హైదరాబాదుకు వచ్చి సాధన చేయడానికి ప్రయాణపు ఖర్చు లేదని చెప్పినప్పుడు, రహీం తన చేతి డబ్బుతో అతనికి అద్దె సైకిలు ఏర్పాటు చేశారు. ప్రతిభ ఉన్నచోట దానికి అడ్డుపడే చిన్న అవరోధాన్ని తొలగించడం కూడా పునర్నిర్మాణంలో భాగమేనని ఈ ఉదంతం చాటుతుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితంలో చివరి ఘట్టం. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓడిన జట్టు, అదే జట్టును ఫైనల్‌లో 2–1 తేడాతో ఓడించింది. గాయపడి తలకు కట్టుతో ఉన్న రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించాలన్న నిర్ణయం ఫలించింది. విజయాన్ని అందించిన రెండు గోల్స్‌లో ఒకటి ఆయనది, మరొకటి పి.కె. బెనర్జీది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

4. రహీం అనంతరం: వారసత్వ సమస్య

రహీం పద్ధతిలోని బలమే దానిలోని లోపం కూడా. అధికారమంతా ఒక వ్యక్తి చుట్టూ అల్లుకున్నప్పుడు, ఆ వ్యక్తి లేకపోయిన మరునాడు వ్యవస్థకు దిక్కు తోచదు. 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు మరొకసారి గెలిచింది. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన ఏకైక సంతోష్ ట్రోఫీ అదే. రహీం శిక్షణలో తయారైన తరం ఆడినంతకాలం వెలుగు నిలిచింది. ఆ తరం తప్పుకోగానే మసకబారింది.

ఇందుకు ఆర్థిక కారణాలూ ఉన్నాయి. కలకత్తాలోని పెద్ద క్లబ్బులు హైదరాబాదు ఆటగాళ్ళకు గమ్యస్థానాలయ్యాయి. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. తరువాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ కూడా కలకత్తాలోనే కీర్తి గడించారు. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు. ఆ తరువాత శిక్షకునిగా భారత జట్టుకు సేవలందించి, ద్రోణాచార్య పురస్కారం పొందారు. హైదరాబాదు శిక్షకులను తయారుచేయగలిగింది, వారిని నిలుపుకోలేకపోయింది. ఒక నగరంలో శిక్షణ పరంపర ఉండి కూడా, ఆ పరంపరకు చెందినవారు అక్కడ పనిచేయడానికి తగిన జట్టు లేకపోవడం విచారకరమైన విషయం.

5. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్: అట్టడుగు నుంచి అగ్రస్థానానికి

అర్ధశతాబ్దం గడిచిన తరువాత, 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ప్రవేశించింది. రద్దయిన పుణె సిటీ క్లబ్ స్థానంలో ఏర్పడిన జట్టు ఇది. తొలి సీజన్‌లో ఇంగ్లండుకు చెందిన ఫిల్ బ్రౌన్ శిక్షకునిగా ఉన్నారు. వరుస పరాజయాల నడుమ 2020 జనవరిలో ఆయనను తప్పించారు. 18 ఆటలలో రెండే విజయాలు, 39 గోల్స్ సమర్పణ, 10 పాయింట్లతో జట్టు చిట్టచివరి స్థానంలో నిలిచింది.

ఆ దశలో భారత ఫుట్‌బాల్‌తో పరిచయమున్న స్పెయిన్ శిక్షకుడు ఆల్బర్ట్ రోకా తదుపరి సీజన్‌కు బాధ్యతలు తీసుకోవడానికి అంగీకరించారు. ఆయన అంతకుముందు బెంగళూరు క్లబ్‌ను 2016లో ఏ.ఎఫ్.సి. కప్ ఫైనల్ వరకు నడిపించినవారు. అయితే సీజన్ మొదలుకాకముందే, 2020 ఆగస్టులో, బార్సిలోనా క్లబ్ శిక్షక బృందం నుంచి పిలుపు రాగా ఆయన వెళ్ళిపోయారు. చివరి స్థానంలో ఉన్న జట్టుకు, కరోనా విజృంభిస్తున్న కాలంలో, సీజన్ ఆరంభానికి కొద్ది నెలల ముందు శిక్షకుడు లేకుండాపోయాడు. ఏ లెక్కన చూసినా ఇది ఆకర్షణీయమైన ఉద్యోగం కాదు.

అయినా అదే నెలాఖరులో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ ఆ బాధ్యతను స్వీకరించారు. స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్‌లో లాస్ పాల్మాస్ జట్టుకు శిక్షణనిచ్చిన అనుభవం ఆయనది. ఆ జట్టులో ఆయనకు లభించినవి ఏమిటన్నది ఇక్కడ కీలకం. అప్పట్లో ఇండియన్ సూపర్ లీగ్‌లో కింది శ్రేణికి దిగిపోయే పద్ధతి ఉండేది కాదు. కనుక చివరి స్థానం అవమానమే గాని ప్రాణాంతకం కాదు. అమెరికాలో వలె ఓడిన జట్టుకు కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ముందు వరుస కూడా లేదు. ఆ లోటును తీర్చినది యువ భారతీయ ఆటగాళ్ళ సముదాయం. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్ వంటివారికి మార్కెజ్ నిరంతరం అవకాశాలిచ్చారు. అంతంతమాత్రపు ఫలితాలకే సంతృప్తిపడే వాతావరణం ఉన్నచోట కుర్రవాళ్ళను ఆడించే స్వేచ్ఛ ఉంటుంది. అగ్రస్థానం కోసం పోరాడే జట్టులో ఆ స్వేచ్ఛ దొరకదు.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. 2020–21లో జట్టు 29 పాయింట్లతో ఐదవ స్థానానికి చేరింది. 2021–22లో బార్తొలోమ్యూ ఓగ్బెచె 18 గోల్స్ చేయగా లీగ్ దశలో రెండవ స్థానం దక్కింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్‌లో సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరును 1–1గా సమం చేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని అడ్డుకోగా, హైదరాబాదు 3–1 తేడాతో విజేత అయింది. 2022–23లోనూ లీగ్‌లో రెండవ స్థానం నిలుపుకుంది. అనంతరం మార్కెజ్ గోవా క్లబ్‌కు వెళ్ళారు, 2024లో భారత జట్టు శిక్షకునిగా నియమితులయ్యారు.

6. పతనం: యాజమాన్య విశ్వసనీయత

2023 తరువాతి చరిత్ర ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆటగాళ్ళకు చెల్లింపులు నిలిచిపోవడంతో విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం విధించింది. 2023–24లో తంగ్‌బోయ్ సింగ్తో శిక్షణలో, ఎక్కువగా కుర్రవాళ్ళతోనే బరిలోకి దిగిన జట్టు 22 ఆటలలో ఒకే ఒక్క విజయంతో 8 పాయింట్లు సాధించి మళ్ళీ చివరి స్థానానికి చేరింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు హైదరాబాదును వీడి ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న పేరు దాల్చింది.

2019–20 సీజన్‌ను, 2023–24 సీజన్‌ను పోల్చి చూస్తే పట్టికలో రెండూ చివరి స్థానాలే. పాయింట్లలో తేడా రెండే. రెండింటిలోనూ యువ ఆటగాళ్ళు ఉన్నారు. కానీ మొదటి సందర్భంలో ఆటగాళ్ళను కొనసాగించి, చేర్చుకొని, అభివృద్ధి చేసే అవకాశం శిక్షకునికి ఉంది. రెండవ సందర్భంలో కొత్తవారిని తీసుకునే దారి మూసుకుపోయింది, ఉన్నవారు నిలిచే భరోసా లేదు. మొదటిది పునర్నిర్మాణం, రెండవది శిథిలీకరణం. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు స్థితుల మధ్య భేదాన్ని గుర్తించకుండా కేవలం 'చివరి స్థానంలోని జట్టు' అని వ్యవహరించడం చారిత్రక దృష్టికి సరిపడదు.

7. జిల్లాస్థాయి అన్వయం: నిజామాబాదు, బాన్సువాడ

ఈ చర్చ మహానగరాలకు, వృత్తిక్రీడకు మాత్రమే పరిమితం కాదు. నిజామాబాదులో మహమ్మద్ షంసాముద్దీన్ బాక్సింగ్ శిక్షకునిగా చేసిన కృషి ఇందుకు నిదర్శనం. ప్రపంచ విజేత నిఖత్ జరీన్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆయన వద్దనే. ఆయన కుమారుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్య పతకాలు సాధించాడు. నిఖత్ 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడాప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు శిక్షణ పొందింది. 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచ టైటిళ్ళు గెలిచింది. తొలి గురువు వేసిన పునాదిపై మరొక గురువు గోడ కట్టడం, ఆ రెండింటి మధ్య తెగిపోని దారి ఉండడం ఇక్కడి విశేషం. హైదరాబాదు ఫుట్‌బాల్‌లో రహీం అనంతరం లోపించినది ఈ దారియే.

2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో ఉండి, అటుపై కామారెడ్డి జిల్లాలో చేరిన బాన్సువాడ వంటి పట్టణాన్ని తీసుకుంటే సమస్య మరింత స్పష్టమవుతుంది. నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతంలోని ఇటువంటి వ్యవసాయ కేంద్రాలలో క్రీడాశిక్షణకు ఆధారం పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడే. పాఠశాల జట్టు స్వభావరీత్యా నిత్యం పునర్నిర్మాణ దశలోనే ఉంటుంది. ఏటా పదవ తరగతి పూర్తిచేసినవారు వెళ్ళిపోతారు, ఆరవ తరగతిలో కొత్తవారు చేరతారు. ఏడాది పొడవునా తీర్చిదిద్దిన జట్టు వేసవి సెలవులతో చెదిరిపోతుంది. అక్కడ శిక్షకునికి ధనాకర్షణ లేదు, కీర్తి కూడా అరుదు. అతనిని నిలిపేవి బదిలీ భయం లేని వ్యవధి, మైదానంపై తగిన అధికారం, తాను గుర్తించిన విద్యార్థి పైస్థాయికి చేరగలడన్న నమ్మకం. రహీం కూడా మొదట పాఠశాల ఉపాధ్యాయుడే అన్న విషయం ఈ సందర్భంలో స్మరణీయం.

8. ముగింపు

పై పరిశీలన ఆధారంగా కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు. పునర్నిర్మాణ దశలోని జట్టు ఆకర్షణ దాని గత ఫలితాలపై ఆధారపడదు. శిక్షకునికి దక్కే అధికారం మొదటి అంశం. రహీంకు అది సంపూర్ణంగా ఉంది. ఫలితం కోసం వేచి ఉండే వ్యవధి రెండవది. హెల్సింకీ పరాజయానికీ మెల్‌బోర్న్ విజయానికీ మధ్య నాలుగేళ్ళ కాలం అవసరమైంది. తీర్చిదిద్దదగిన యువ ఆటగాళ్ళు మూడవది. మార్కెజ్ సాధించిన విజయానికి అదే మూలం. మాట నిలబెట్టుకునే యాజమాన్యం నాలుగవది. అది లోపించినప్పుడు మొదటి మూడూ ఉన్నా జట్టు నిలవదని హైదరాబాద్ క్లబ్ పతనం తేల్చిచెప్పింది.

ఈ నాలుగింటిలో వేతనం ప్రత్యేకంగా చేరలేదు. డెట్రాయిట్ అనుభవం చెప్పినట్లు, అధిక వేతనం శిక్షకుని రప్పిస్తుందే గాని నిలబెట్టదు. సకాలంలో అందే న్యాయమైన వేతనం మాత్రం యాజమాన్య విశ్వసనీయతలో అంతర్భాగం. హైదరాబాదు నగరం ఒకప్పుడు దేశానికి ఆటగాళ్ళను, శిక్షకులను అందించింది. నేడు అగ్రశ్రేణి లీగ్‌లో తన పేరున్న జట్టును కూడా కోల్పోయింది. మరొక జట్టు ఎప్పుడైనా ఈ నగరంలో రూపుదిద్దుకుంటే, మొదట వెతకవలసినది పేరుమోసిన శిక్షకుని కాదు. అటువంటి శిక్షకుడు వచ్చి అడిగే నాలుగు ప్రశ్నలకు సమాధానాలను ముందే సిద్ధం చేసుకోవాలి.